ముందు చర్య జరుగుతుందా అని చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన సమీకరణాలు చూశాను. బ్యాలెన్సింగ్‌కి వంక పెట్టడానికేం లేదు, కానీ ప్రతి ప్రశ్నకీ బాణం గీసేసి కుడివైపు ఏదో ఒకటి రాసేస్తున్నావు.

పొటాషియం క్లోరైడ్, సోడియం నైట్రేట్ ద్రావణాలు కలిపితే పొటాషియం నైట్రేట్, సోడియం క్లోరైడ్ వస్తాయని రాశావు. బీకరులో ఏమీ మారదు తల్లీ, నాలుగు అయాన్లూ (విద్యుదావేశం ఉన్న కణాలు) కలపకముందు నీళ్లలో విడివిడిగానే ఉన్నాయి, కలిపాకా అంతే. ఏదో ఒకటి ఆ నీళ్లలోంచి బయటపడాలి. పొటాషియం అయొడైడ్‌లో లెడ్ నైట్రేట్ చుక్క పడగానే చిక్కటి పసుపు అవక్షేపం (కరగకుండా విడిపోయే ఘనపదార్థం) వస్తుంది చూడు, అదీ చర్యంటే. అదే లెడ్ అయొడైడ్‌ని వేడి నీళ్లలో కరిగించి నెమ్మదిగా చల్లారనిస్తే బంగారు రంగు రేకులు మెరుస్తూ కిందికి దిగుతాయి, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. (లెడ్ అంటే సీసం, అది విషం, చేతికి అంటనివ్వకు.) సిల్వర్ నైట్రేట్‌తో అయితే క్లోరైడ్ తెల్లగా, బ్రోమైడ్ లేత మీగడ రంగులో, అయొడైడ్ పసుపుగా వస్తాయి.

క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ లాంటి హాలోజన్ల సంగతి వేరే. అక్కడ గొడవంతా ఎలక్ట్రాన్ కోసం, ఎక్కువ బలంగా లాక్కునేదే గెలుస్తుంది, ఆ బలం క్లోరిన్‌కి ఎక్కువ, తర్వాత బ్రోమిన్‌కి, ఆ తర్వాత అయొడిన్‌కి. క్లోరిన్ నీళ్లు పొటాషియం బ్రోమైడ్‌లో పోస్తే బ్రోమిన్ బయటికొచ్చి ద్రావణం నారింజ రంగుకి తిరుగుతుంది. పొటాషియం బ్రోమైడ్‌లో అయొడిన్ వేస్తే మాత్రం ఏమీ కాదు. అక్కడ ధైర్యంగా 'చర్య జరగదు' అని రాయి, అదే సరైన జవాబు.

ఉప్పు నీళ్లలో పొటాషియం ముక్క వేస్తే సోడియం లోహం వస్తుందన్నావు. రాదు. పొటాషియం ముందు నీళ్ల మీదే పడుతుంది, పొటాషియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి, ఆ వేడికి హైడ్రోజన్ లేత ఊదా మంటతో అంటుకుంటుంది. ఇంకా వింత చెప్పనా? పరిశ్రమల్లో దాదాపు 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కరిగిన పొటాషియం క్లోరైడ్‌లోకి సోడియం ఆవిరిని పంపి పొటాషియం తీస్తారు. పొటాషియం 759 డిగ్రీలకే మరిగిపోతుంది, సోడియానికి 883 కావాలి. ఆవిరై వెళ్లిపోయేది ఎక్కువగా పొటాషియమే కాబట్టి, దాన్ని ఎప్పటికప్పుడు పక్కకి తీసేస్తుంటే చర్య అటే నడుస్తుంది.

పొటాషియం అయొడైడ్ మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్రశ్న మళ్లీ చేసి పంపు. హైడ్రోజన్ అయొడైడ్ దగ్గరే ఆగిపోకు, అయొడైడ్ తన ఎలక్ట్రాన్‌ని చాలా తేలిగ్గా వదిలేస్తుంది.

నాన్న