మోరిస్‌విల్‌కి ఐటీ కంటే ముందు రైలొచ్చింది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో నార్త్ కరోలినా వార్తలు వదలకుండా చదువుతాను. కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి, చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్, ఉగాది, బతుకమ్మ, ఇవన్నీ రావాల్సిందే. కానీ మోరిస్‌విల్ మాటొస్తే చాలు, రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు అనే ఐటీ, పరిశోధన సంస్థల కేంద్రంలో ఉద్యోగాల కోసం ఖాళీ అడవిలో లేచిన కాలనీ అన్నట్టు రాస్తున్నారు, ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది నమ్మకం కూడా అదే.

ఇది రైలు కోసం పుట్టిన ఊరు. గోల్డ్స్‌బరో నుంచి షార్లెట్ దాకా 223 మైళ్ల లైను వేయడానికి 1849లో రాష్ట్రం నార్త్ కరోలినా రైల్‌రోడ్ కంపెనీకి చార్టర్ ఇచ్చింది. ఆ దారిలో డిపో కట్టడానికి, ఆవిరి ఇంజన్లు నీళ్లు పట్టుకోవడానికి 1852లో జెరెమయా మోరిస్ తన భూమిలో కొంత ఇచ్చాడు, ఊరికి ఆయన పేరే ఉండిపోయింది. 1856కి లైను పూర్తయింది. అయితే దాని కోసం మట్టి తవ్వి, కట్టలు పోసిన వాళ్లలో ఎంతోమంది బానిసలు. వాళ్లను యజమానుల దగ్గర అద్దెకు తెచ్చి పనిచేయించారు, కూలి డబ్బులు యజమానులకే వెళ్లేవి. ఈ సంగతి మన పిల్లలకి ఎవరు చెబుతున్నారు?

1865 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం చివరి రోజుల్లో, రాష్ట్ర రాజధాని రాలీ లొంగిపోయిన రోజే ఉత్తరాది సేనాని షెర్మన్ అశ్వికదళం దక్షిణాది సేనను ఈ రైలు దారి వెంట తరుముకుంటూ వచ్చి మోరిస్‌విల్ స్టేషన్ దగ్గర పోరాడింది. ఆ నెల 26న డర్హమ్ దగ్గర బెనెట్ ప్లేస్ అనే చిన్న రైతు ఇంట్లో దక్షిణాది సేనాని జాన్‌స్టన్ లొంగిపోయాడు, ఆ యుద్ధంలో అంతకు మించిన లొంగుబాటు లేదు. ఆ స్థలం మనకి కారులో ఎంతో దూరం కాదు, ప్రవేశ రుసుం కూడా లేదు. యుద్ధం తర్వాత విముక్తులైన నల్లజాతి కుటుంబాలు ఇక్కడే షైలో అనే పేటలో స్థిరపడ్డాయి, వాళ్ల బాప్టిస్టు చర్చి ఇప్పటికీ ఉంది.

నేల సంగతి ఇల్లున్నవాళ్లకి తెలిసిందే, వానకి నీరింకదు, ఎండకి బీటలిస్తుంది. 20 కోట్ల ఏళ్లకు పైబడిన ట్రయాసిక్ కాలపు పల్లంలోని బంకమట్టి ఇది. సెప్టిక్ ట్యాంకులకు ఇలాంటి నేల సరిపడదు కాబట్టి, నగరం నుంచి నీళ్లూ మురుగు పైపులూ రాకముందు ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవడం సాధ్యమయ్యేదే కాదు. 1980లో జనాభా 251. 2020లో 29,630, అందులో సగానికి దగ్గరగా ఆసియా మూలాలవాళ్లం.

ఆ పట్టాల మీద గూడ్సులు, ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైళ్లు నేటికీ తిరుగుతున్నాయి, మోరిస్‌విల్‌లో మాత్రం ఆగవు, ఎక్కాలంటే కేరీకో డర్హమ్‌కో పోవాలి. లైను కూడా పరాయివాళ్లది కాదు, ప్రైవేటు వాటాలు 1998లో కొనేశాక పూర్తిగా రాష్ట్రానిదే, అంటే పన్నులు కట్టే మనది కూడా. అందుకే పాత ఇళ్ల గురించో రైలు క్రాసింగుల గురించో టౌన్ కౌన్సిల్లో చర్చ జరిగినప్పుడు మన సంఘాల వాళ్లు వెళ్లి కూర్చోవాలి, ట్రాఫిక్ తగ్గించమని అడగడంతో సరిపెట్టకుండా ఏది పడగొడుతున్నారో, ఏది ఉంచుతున్నారో కూడా అడగాలి.

మీ పేపరుకి ఒక్క విన్నపం. ప్రవాసుల పేజీలో ఏదో ఒక ఆదివారం షైలో పెద్దలతో మాట్లాడించి, వాళ్ల ఊరి కథ వాళ్ల నోటితోనే వేయండి.

— ఒక పాఠకురాలు, మోరిస్‌విల్, నార్త్ కరోలినా