లారీ ఎయిర్ క్లీనర్ మూత తీసి చూశావా?

విజయవాడ
శుక్రవారం

చి.ల.సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. వానలు పట్టాక అమ్మ మోకాళ్ళు మళ్ళీ మొదలెట్టాయి, రాత్రిళ్ళు నువ్వుల నూనె రాస్తున్నాం. డాబా మీద ట్యాంకు లీకేజీని బుజ్జిగాడు ఎట్టకేలకు బాగు చేయించాడు. నువ్వు ఫోను చేసి పద్దెనిమిది రోజులైంది. లెక్కపెట్టి కూర్చోలేదులే, క్యాలెండర్లో పాలవాడి లెక్క చూస్తుంటే కనపడింది.

మొన్న శ్రీను మాటల్లో అన్నాడు. అక్కడ అమెరికాలో ఆషెవిల్ దగ్గర ఎత్తులో మీ పాత మిలట్రీ లారీ, ఆ ఎం35ఏ2, ఆగిపోయి వెనక్కి జారిందట, జారుతూ జారుతూ దానంతట అదే స్టార్టయిందట, పొగ మాత్రం పై గొట్టంలోంచి కాకుండా బానెట్ పక్కన డబ్బాలోంచి వచ్చిందట. "భలే తమాషా మావయ్యా" అని నవ్వాడు. వాడికి తమాషాగానే ఉంటుంది. సరే, అది తర్వాత.

పొద్దున్నే స్టార్ట్ కావట్లేదని పోయిన నెల అడిగావు కదా, అది చెబుతా. ముందు ట్యాంకు దగ్గర చెవి పెట్టు. సెల్ఫ్ కొట్టకుండా ఉత్త స్విచ్చి వేస్తే ట్యాంకులో కరెంటు పంపు సన్నగా గుయ్యిమనాలి. అది చచ్చినా ఎం35ఏ2 నడుస్తుంది, ఇంజన్ మీది పంపు డీజిల్‌ని తనే లాక్కుంటుంది. మోసం అక్కడే. ట్యాంకు పంపు నెడుతున్నప్పుడు జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనపడుతుంది. ఇంజన్ లాగుతున్నప్పుడు అదే జాయింటు గాలి పీలుస్తుంది, చుక్క కూడా పడదు. రాత్రికి డీజిల్ ట్యాంకులోకి దిగిపోతుంది, పొద్దున నీకు సెల్ఫ్ అరగడమే మిగులుతుంది.

పెద మావయ్య పాత లారీ సంగతి నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు రెండో తరగతి. నూజివీడు మామిడికాయలు ఎత్తుకుని బయల్దేరితే హనుమాన్ జంక్షన్ దాటగానే రెండు దగ్గులు దగ్గి ఆగేది. చేత్తో డీజిల్ నెట్టే హ్యాండ్ ప్రైమర్ ముప్పై సార్లు కొడితే మళ్ళీ పది కిలోమీటర్లు. పంపు విప్పించాడు. ఆరు నాజిళ్ళూ మార్పించాడు. ట్యాంకు దింపి కడిగించాడు. నిమ్మకాయలూ కట్టాడు. ఒక లోడు దారిలోనే మగ్గిపోయింది, అత్తయ్య గాజుల సంగతి ఇప్పుడెందుకులే. చివరికి షెడ్డులో ఒక కుర్రాడు ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ముందు, లోపల కనపడే అడుగు పొడుగు తెల్ల ప్లాస్టిక్ గొట్టం వేసి చూస్తే బుడగలు. అదే గొట్టం ట్యాంకు దగ్గర వేస్తే బుడగల్లేవు. అంటే గాలి ఆ రెంటి మధ్యే దూరుతోంది. మధ్యలో డీజిల్ గొట్టాన్ని బిగించే బోలు బోల్టు, అదే బ్యాంజో బోల్టు, కింద ఎవరో పాత రాగి వాషర్నే తిప్పి వేశారు, దాని మీద గోటి గీతంత గాడి. అంతే. కొత్తది అప్పట్లో రూపాయిన్నర.

కాబట్టి నువ్వు కూడా పంపు జోలికి పోకముందు ఆ గొట్టం వేసి చూడు. బ్యాంజో విప్పితే రెండు వైపులా రెండూ కొత్త వాషర్లే. ఫిల్టర్ల అడుగు కుళాయిలు తిప్పి గాజు గ్లాసులో పట్టు, నీళ్ళుంటే అడుగున తేరుకుంటాయి. తర్వాత ట్యాంకు పంపు ఆన్ చేసి, ఫిల్టర్ల మీది స్క్రూలు సగం చుట్టు వదిలి, నురగ పోయి నిండు ధార వచ్చాక బిగించు. ఇంజన్ స్టాప్ కేబుల్ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో కూడా చూసుకో, పెద్ద పెద్దవాళ్ళే అక్కడ బోల్తా పడతారు. ఇవన్నీ బాగుండి కూడా అంటుకోకపోతే అప్పుడు హైడ్రాలిక్ హెడ్, అంటే పంపులో డీజిల్‌ని ఒత్తిడితో సిలిండర్లకి పంచే భాగం. ఏళ్ళ తరబడి నిలబడ్డ బండిలో పాత డీజిల్ జిగురుకట్టి అందులో డీజిల్ నొక్కే కడ్డీ, ప్లంజర్, పట్టేస్తుంది, కింది బటన్ ఊడి వస్తుంది.

ఇక ఆ పొగ. అమ్మలూ, ఆ ఇంజన్ వెనక్కి తిరిగింది. దీని మంట పద్ధతి జర్మనీ మాన్ కంపెనీది, మన జబల్‌పూర్ శక్తిమాన్ లారీ కూడా ఆ కంపెనీ డిజైనే. సిలిండర్లో గాలిని నొక్కే కంప్రెషన్ 22కి 1, గేరులో ఉండి వెనక్కి జారితే ఆ తోపుకే అంటుకుంటుంది. అప్పుడు సైలెన్సర్ వైపు నుంచి గాలి పీల్చి ఎయిర్ క్లీనర్లోకి పొగ కక్కుతుంది. పొగతో ఏం కాదు. ఆయిల్ పంపు కూడా వెనక్కే తిరుగుతుంది కదా, బేరింగులకీ, పొగ తోపుతో తిరిగి ఇంజన్లోకి గాలి నెట్టే టర్బోకీ చుక్క ఆయిల్ అందదు. ఎంతసేపు తిరిగింది? శ్రీను "కాసేపు" అన్నాడు. వాడి కాసేపు ఎంతో నాకు తెలుసు.

బండి ఇంకా తీయకపోతే తీయకు. క్లీనర్ మూత తీసి ఫిల్టరు చూడు, మసి పట్టినా కాగితం కాలినా పారెయ్యి. టర్బోకి వెళ్ళే గొట్టంలో వేలు పెట్టి తడుము, కాలిన ముక్క ఒక్కటున్నా ఇంజన్ మింగేస్తుంది. డిప్‌స్టిక్ తీసి ఒక చుక్క కాగితం మీద వేసి వాసన చూడు. ఆయిల్ మట్టం పెరిగిందంటే సంబరపడకు, పంపులోంచి డీజిల్ దిగుతోందన్నమాట. తర్వాత స్టాప్ కేబుల్ బయటికి లాగి ఉంచి, పదిహేను సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టు, ఆయిల్ గేజి ముల్లు లేచాకే కేబుల్ లోపలికి నొక్కు. మధ్యమధ్యలో సెల్ఫ్ చల్లారనివ్వు. బ్యాటరీలు రెండూ ఒక జోడే వెయ్యి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలిపితే 24 వోల్టుల బండిలో కొత్తది కూడా పాడవుతుంది.

మళ్ళీ ఎప్పుడైనా ఎత్తులో ఆగితే క్లచ్, బ్రేకు రెండూ ఒకేసారి తొక్కు. అప్పటికే వెనక్కి తిరుగుతుంటే స్టాప్ కేబుల్ లాగు. ఆగకపోతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలెయ్యి. చక్రం కింద పెట్టడానికి దుంగ ఒకటి బండిలోనే ఉంచుకో. ఆ బ్రేకులు గాలి సాయంతో నడిచే ఒకే లైను, ఎక్కడ ఒక పైపు పగిలినా మొత్తం పోతాయి. ఇది నువ్వు కొన్న రోజే చెప్పాను. చెప్పాను కదా?

ఇంజన్ అంటుకోవడానికి కొట్టే ఆ ఈథర్ స్ప్రే డబ్బా కూడా ఉందటగా. చెత్తబుట్టలో కాదు, ఎవరికైనా ఇచ్చెయ్యి. చలికి ఇన్‌టేక్‌లో మంట హీటరు ఉంది దానికి, ఆ మంట మీద ఈథర్ కొడితే మ్యానిఫోల్డే పేలుతుంది. దిగేముందు మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచు, టర్బో చల్లారాలి.

ఉపదేశం చెయ్యకూడదనుకునే మొదలెట్టాను.

ఫిల్టరు ఫొటో పంపు. అమ్మకి ఈ జారడం సంగతి చెప్పలేదు. ఫోను చేస్తే మధ్యాహ్నం చెయ్యి, అప్పుడు తను నిద్రపోతుంది. ఫ్యాను బెల్టు దగ్గరికి పోయేటప్పుడు జడ ముడి వేసుకో, చున్నీ తీసెయ్యి. శ్రీనుతో ఆవకాయ పంపాం, మొదటి వారం ఫ్రిజ్‌లో పెట్టకు. డీజిల్ చేతుల్తో మాత్రం జాడీ ముట్టకు.

మీ నాన్న