పద్మిని బోరు, నీ నికాసిల్

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో మాట మధ్యలో తెగిపోయింది. మళ్ళీ చేద్దామంటే నీకక్కడ అర్ధరాత్రి. అయినా ఈ సంగతి ఫోన్లో తేలేది కాదు, తీరిగ్గా రాయాల్సిందే.

నాన్న ప్రీమియర్ పద్మిని కారు ఇంజన్ పూర్తిగా విప్పేశాం. 1986లో ఆయన కొన్న రోజున మనిద్దరం వెనక సీట్లో కూర్చుని మంగళగిరి వెళ్ళొచ్చాం చూడు, అదే బండి, అదే ఇంజన్. ఇప్పుడు ఉత్త బ్లాకు ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీ గారి బల్ల మీద ఉంది. హెడ్డు, క్రాంకు, పాత పిస్టన్లు మా వరండాలో గోనెసంచుల మీద పరిచి పెట్టాను. అమ్మ రోజూ వాటిని చుట్టుతిరిగి వెళుతోంది గానీ ఒక్క మాట అనలేదు. ఆ బండంటే ఆవిడకీ ప్రాణమే.

విప్పాల్సి ఎందుకొచ్చిందో చెప్తాను. కిందటేడు పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది అని ఒక షెడ్డులో ఇచ్చాను. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం, కొలవకుండానే "పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మారిస్తే చాలు" అని మార్చేశారు. అన్నేళ్ళు తిరిగిన బోరులో పైరింగు ఆగేచోట అరుగుదల ఎక్కువ. దానిపైన రింగు తాకని భాగం అరగదు కాబట్టి అక్కడ సన్నటి గట్టు మిగులుతుంది. పాత రింగు అంచు ఆ గట్టుకు తగ్గట్టు గుండ్రంగా అరిగి ఉంటుంది. కొత్త రింగు అంచేమో పదునుగా ఉంటుంది, పైకి వెళ్ళిన ప్రతిసారీ గట్టును కొడుతుంది. మూడు నెలలకల్లా మూడో సిలిండర్లో రింగు విరిగింది, పిస్టన్ గాడి అంచు ఊడింది, ఆ ముక్క గోడను పైనుంచి కిందికి గీసేసింది. ఆ గీత మీద వేలు పెట్టినప్పుడు కడుపులో తిప్పినట్టయింది బావా. గట్టు తీసేసి రింగులు వేసినా ఇంత నష్టం జరిగేది కాదు.

నువ్వేమో స్టుట్‌గార్ట్ నుంచి రెండు మాటలన్నావు: ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా ఒత్తిడితో మలిచిన) పిస్టన్లు పంపిస్తాను, బోరుకు నికాసిల్ పూత వేయిద్దాం అని. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ పది రోజులు ఆలోచించి రెండూ వద్దనే అనుకున్నాను.

ముందు నికాసిల్ సంగతి. అది మీ ఊరి మాలే కంపెనీ తయారుచేసిందే. నికెల్ పొరలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కూర్చిన పూత. 1967లో వచ్చిన ఎన్‌ఎస్‌యూ రో 80 రోటరీ ఇంజన్ కోసం మొదలైంది. తర్వాత పోర్షే 917 రేసు కారుకు, 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7కు వాడారు. ఆ 2.7లో బోరు 84 మిల్లీమీటర్ల నుంచి 90కి పెంచారు. పూత వల్ల మందపాటి ఇనుప స్లీవ్ (సిలిండర్ లోపల తొడిగే గొట్టం) అవసరం తప్పింది కాబట్టే అంత పెద్ద బోరుకు చోటు దొరికింది. గొప్ప పనే, కాదనను.

అయితే అక్కడ ఆ పూత ఎందుకు కావలసి వచ్చిందో చూడు. సిలిండర్ అల్యూమినియం, పిస్టనూ అల్యూమినియమే. ఒకే మెత్తని లోహం రెండూ వేడి మీద రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టేస్తాయి, ఇంజన్ సీజ్ అవుతుంది. మధ్యలో గట్టి గోడ ఏదో ఒకటి ఉండాలి. కొందరు ఇనుప స్లీవ్ పెట్టారు, కొందరు నికాసిల్ పూశారు. ఇంకొందరు అల్యూమినియంలోనే 17 శాతం దాకా సిలికాన్ కలిపి, బోరులో ఆ సిలికాన్ గింజలు పైకి తేలేట్టు చేసి, పిస్టన్‌కు ఇనుప పూత పూశారు. అన్నీ అల్యూమినియం బ్లాకు తెచ్చిన సమస్యకు మందులే.

మన పద్మిని బ్లాకు పోత ఇనుము. అందులో గ్రాఫైట్ సన్నటి రేకుల్లా పరుచుకుని ఉంటుంది. హోనింగ్ (బోరు గోడను రాతితో రుద్ది సన్నటి గీతలు పెట్టడం) అయ్యాక ఆ రేకులు, గీతలు కలిసి ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి. అంటే దానికి కావలసిన గుణం పుట్టుకతోనే ఉంది. పైగా ఇనుము అరిగితే ఇంకో సైజు బోరు చేయించుకోవచ్చు. నికాసిల్ చెడితే పూత మొత్తం తీసి మళ్ళీ పూయించాలి, ఆ పని ఇక్కడ ఎవరి దగ్గర? 1990లలో బీఎండబ్ల్యూ, జాగ్వార్ వీ8 ఇంజన్లలో పెట్రోల్లోని గంధకం ఆ పూతను తినేసి బ్లాకులకు బ్లాకులే మార్చాల్సి వచ్చింది కూడా.

ఇక పిస్టన్లు. నన్ను అసలు నిద్రపోనివ్వనిది ఇదే. 68 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క వంద డిగ్రీలు వేడెక్కితే 0.15 మిల్లీమీటర్ల పైన పెరుగుతుంది. ఇనుప బోరు అందులో సగమే పెరుగుతుంది. ఈ తేడాను సర్దడమే పిస్టన్ చేసేవాడి విద్యంతా. అందుకే మిశ్రమంలో సిలికాన్ కలుపుతాడు, పెరుగుదల తగ్గుతుంది. పిస్టన్ కూడా నిండు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కాస్త కోలగా, పైభాగం కింది కంటే సన్నంగా ఉంటుంది. వేడెక్కాకే సరైన ఆకారానికి వస్తుంది. చేతిలో చల్లగా పట్టుకుని చూస్తే ఆ వంపు కంటికి ఆనదు, మైక్రోమీటర్ పెడితేనే తెలుస్తుంది. నాకు అదెంత అందంగా అనిపించిందో!

నువ్వు చెప్పిన ఫోర్జ్‌డ్ రకం 2618 మిశ్రమం. అందులో సిలికాన్ దాదాపు ఉండదు. అందుకే దెబ్బకు పగలదు, రేసులకు బంగారం. కానీ వేడికి ఎక్కువ పెరుగుతుంది కాబట్టి బోరులో మూడు, నాలుగు థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఖాళీ ఇవ్వాలి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని కొట్టుకుంటుంది. పోత పిస్టన్‌కు రెండు థౌల లోపు చాలు, పొద్దున్నే స్టార్ట్ చేసినా నిశ్శబ్దంగా ఉంటుంది. 1089 సీసీ బండి, అరవై మీద నెమ్మదిగా పోయేది. దానికి రేసు పిస్టన్ వేసి రోజూ పొద్దున ఆ చప్పుడు వినడం నాకిష్టం లేదు. 4032 అని 12 శాతం సిలికాన్ ఉన్న ఫోర్జ్‌డ్ రకం ఇంకొకటుంది, చప్పుడు తక్కువే. నీ పోర్షే ఫ్రెండుకు అవసరమైతే అది చెప్పు.

చివరికి ఏం చేశానంటే, అర మిల్లీమీటర్ ఓవర్ సైజు పోత పిస్టన్ల సెట్టు ఒక పాత స్పేర్ పార్ట్స్ కొట్లో, సీలు విప్పని పెట్టెలో దొరికింది. తూకం వేశాను, నాలుగింటికీ తేడా రెండు గ్రాముల్లోపే. 68.5 బోరుతో ఇంజన్ సుమారు 1105 సీసీ అవుతుంది. మూడో సిలిండర్ గీత ఆ సైజుకు పూర్తిగా పోతుందని మేస్త్రీ గారు కొలిచి చెప్పారు, స్లీవ్ అక్కర్లేదు. పిస్టన్ చర్మానికి పూత మాత్రం ఉంది, తగరం పూత. మొదటి కొన్ని గంటలు ఆయిల్ సరిగా అందకపోయినా గోడను గీయకుండా కాపాడేదదే.

మేస్త్రీ గారు నాకు నచ్చింది ఎక్కడంటే, పిస్టన్లు చేతికి వచ్చేదాకా బోరింగ్ మిషన్ ముట్టుకోలేదు. ఒక్కో పిస్టన్‌ను పిన్నుకు అడ్డంగా కొలిచి, దాని మీద నంబరు రాసి, ఆ సిలిండర్‌ను దాని కొలతకే కోస్తారట. చివరి ఒకటిన్నర థౌ హోనింగ్‌కు వదులుతారు, గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటేట్టు. రింగు మూతి సందు నేనే కొలుస్తానని బతిమాలి ఒప్పించాను. సందు మరీ తక్కువైతే వేడికి రెండు కొసలూ తగిలి విరుగుతుంది, ఆ బాధ నాకు మళ్ళీ వద్దు.

హోనింగ్ అయ్యాక కడగడం నా పనే. కిరసనాయిలు చాలదు, వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షు. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే బూడిద మరక రానంత వరకు కడగాలి, వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే అరగంటలో తుప్పు పడుతుంది. నాన్న పాత పంచె ఒకటి దానికోసమే తీసి పెట్టింది అమ్మ.

నీకు ఒక్క పని చెప్తాను, అదొక్కటి పంపు చాలు: 50 నుంచి 100 మిల్లీమీటర్ల బోరు కొలిచే మంచి డయల్ గేజి. ఇక్కడ అరువు గేజితో నడుపుతున్నాం. శుక్రవారం బోరింగు. సంక్రాంతికి నువ్వొచ్చేసరికి వెయ్యి కిలోమీటర్లు తిరిగి రింగులు కుదురుకుని ఉంటాయి. మంగళగిరి దాకా నువ్వే నడుపు, గేరు స్టీరింగు పక్కనే ఉంటుందని మర్చిపోయి ఉంటావు, నేను గుర్తు చేస్తాను.

నీ
బావ