మొదటి ఇంటి మార్జిన్ మనీ గురించి కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలతో,

హైదరాబాద్ శివారు బాచుపల్లిలో పదకొండేళ్లు అద్దె ఇళ్లలో ఉండి, గత సంవత్సరం మొదటిసారి సొంత ఫ్లాటు కొనుక్కున్న ప్రైవేటు ఉద్యోగిని నేను. నేనూ నా భార్యా ఇద్దరం సంపాదిస్తున్నాం కాబట్టి, ఇన్నాళ్లూ కట్టిన అద్దెకు మరికొంత కలిపితే నెలవారీ ఈఎంఐ తీరుతుందన్న ధైర్యం మాకు ఉండేది. ఏడాదిన్నర పాటు మమ్మల్ని ఆపేసింది బ్యాంకు ఇవ్వని సొమ్ము. ఈ లేఖ దాని గురించే.

మా ఫ్లాటు ధర 50 లక్షలు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్యనైతే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా మాత్రమే బ్యాంకులు ఇవ్వవచ్చు. ఆ లెక్కన మాకు 40 లక్షలు వచ్చాయి, మిగతా 10 లక్షలు మార్జిన్ మనీగా, అంటే కొనేవారు తమ చేతి నుంచి పెట్టవలసిన వాటాగా, మేం చూసుకోవలసి వచ్చింది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు, ధర 45 లక్షలు దాటింది కనుక 5 శాతం జీఎస్టీ రెండున్నర లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం చొప్పున మూడు లక్షల 75 వేలు. మొత్తం 16 లక్షల 25 వేలు.

పీఎఫ్‌లోంచి కొంత తీశాం, చిట్టీ పాడుకున్నాం, నా భార్యకు పుట్టింటివారు పెట్టిన బంగారం తాకట్టు పెట్టాం. ఇంకా నాలుగు లక్షలు తక్కువ పడ్డాయి. పర్సనల్ లోన్ తీసుకుంటే దాని వాయిదాను లెక్కలోకి తీసుకుని గృహరుణం తగ్గించవలసి వస్తుందని బ్యాంకువారు చెప్పారు. వారి నియమం సరైనదే. అందువల్ల తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకు సుమారు 33,500 ఈఎంఐ మీద ఇప్పుడు మరో ఎనిమిది వేలు ఆ వడ్డీకే కడుతున్నాం, అసలు అలాగే ఉంది. ఏడాదికి 24 శాతం పడే ఈ అప్పు బ్యాంకులు రుణ చరిత్ర చూసే ఏ సిబిల్ రికార్డులోనూ కనిపించదు. ఇంటి ధరలో కొనేవారి సొంత సొమ్ము కొంత ఉండాలనీ, బ్యాంకు అప్పు భద్రంగా ఉండాలనీ పెట్టిన మార్జిన్ నిబంధన మావంటి ఇళ్లలో బ్యాంకుకు తెలియని ఖరీదైన అప్పుగా మారుతోంది.

అప్పు మొత్తాన్ని బట్టి మారే ఈ శ్లాబుల మధ్య తేడాను కూడా దయచేసి గమనించండి. 33 లక్షల ఇంటికి 90 శాతం అప్పు 30 లక్షల లోపే కనుక మూడు లక్షల 30 వేల మార్జిన్ చాలు, 40 లక్షల ఇంటికి ఎనిమిది లక్షలు కావాలి. ఇంటి ధర ఏడు లక్షలు పెరిగితే, చేతిలో ఉండవలసిన సొమ్ము నాలుగు లక్షల 70 వేలు పెరుగుతోంది.

అప్పు లెక్కించేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధనకు కారణం నాకు తెలుసు. రేపు బ్యాంకు ఆ ఇంటిని అమ్ముకోవలసి వస్తే ఆ ఖర్చు తిరిగి రాదు. అయినా 10 లక్షల లోపు ఇళ్లకు వాటిని కలుపుకోవచ్చని 2015లో రిజర్వు బ్యాంకే సడలింపు ఇచ్చింది. హైదరాబాద్‌లో గాని, విజయవాడ, విశాఖల్లో గాని ఆ ధరకు ఫ్లాటు ఎక్కడ దొరుకుతుంది? జీఎస్టీ కోసం ప్రభుత్వమే 45 లక్షల వరకు అందుబాటు ధర ఇల్లు అంటోంది. ఈ సడలింపునూ అక్కడి దాకా పెంచేలా రిజర్వు బ్యాంకుతో మాట్లాడాలని కోరుతున్నాను. అలాగే, మొదటి ఇంటికి 90 శాతం అప్పు పరిమితిని 30 లక్షల దగ్గర ఆపకుండా 50 లక్షల దాకా పెంచాలి. మొదటి ఇల్లా కాదా అని తేల్చడం కష్టమేమీ కాదు. కుటుంబంలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదన్న షరతును ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇప్పటికే అమలు చేస్తున్నారు.

ఆ పథకం పట్టణ రెండో దశలో వడ్డీ రాయితీ ఉన్న మాట నిజమే. అయితే ఇంటి విలువ 35 లక్షలు, కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు. మేం ఆ గీతకు అవతల ఉన్నాం. మొదటి ఇల్లు కొనేవారికి వడ్డీపై అదనంగా లక్షన్నర మినహాయింపు ఇచ్చిన ఆదాయపు పన్ను 80ఈఈఏ సెక్షన్ 2022 మార్చి 31 తర్వాత మంజూరైన రుణాలకు వర్తించదు. కొత్త పన్ను విధానంలోనైతే సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు.

2024 జులై బడ్జెట్ ప్రసంగంలో, స్టాంపు డ్యూటీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు దాన్ని తగ్గించేలా ప్రోత్సహిస్తామనీ, మహిళలు కొనే ఆస్తులకు మరింత తగ్గించే ఆలోచన చేస్తామనీ మీరు చెప్పారు. ఆ మాట విన్న రోజు మేం ఫ్లాటును నా భార్య పేరిటే రిజిస్టరు చేయించాలనుకున్నాం, అలాగే చేయించాం. మాకు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ఆ మాట తెలంగాణలో ఎంతవరకు వచ్చిందో రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగి, ఆ సమాధానాన్ని ప్రజలకు తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
మొదటి ఇల్లు కొనుక్కున్న ఒక ఉద్యోగి,
బాచుపల్లి