టీకా కార్డులో ఆ గడి ఖాళీగా వదలకండి

సంపాదకులకు నమస్కారం.

టీకా వేయించిన రెండు మూడు రోజుల్లో కుక్కపిల్ల జబ్బుపడిందంటే చాలు, పెంచుకున్నవాళ్లు టీకాయే కారణం అనేస్తారు. వేసినవాళ్లేమో దానికీ దీనికీ సంబంధం లేదంటారు. ఎవరూ ఏదీ పరిశీలించకుండానే రెండు తీర్పులూ వచ్చేస్తాయి. నిజం మాత్రం బయటికి రాదు. మా ఇంట్లో ఇది స్వయంగా అనుభవించాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా కుక్కపిల్లకి పదకొండు వారాల వయసులో రెండో డోసు వేయించాం. ఇంటికొచ్చి గంట కూడా కాలేదు, మూతి ఉబ్బడం మొదలైంది. చూస్తుండగానే కళ్లు సన్నని గీతల్లా మూసుకుపోయాయి. పొట్ట మీద దద్దుర్లు లేచాయి, రెండుసార్లు వాంతి చేసుకుంది. చేతుల్లో ఎత్తుకుని మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తాం. ఇంజెక్షన్లు ఇచ్చారు, రాత్రికల్లా కోలుకుంది. ఆ కొన్ని గంటల టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అసలు సమస్య తర్వాత వచ్చింది. మూడో డోసు వేయించాలా వద్దా అని మరో డాక్టరు గారిని అడిగితే, ముందు వేసింది ఏ టీకా, బ్యాచ్ నంబరు (అది ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య) ఎంత అన్నారు. కార్డు తీసి చూశాం. తేదీ, ఒక సంతకం ఉన్నాయి. బ్యాచ్ నంబరు రాయాల్సిన గడి ఖాళీ. టీకా వేసిన చోటికి వెళ్లి అడిగితే ఖాళీ సీసా ఆ రోజే చెత్తలో వేసేశామన్నారు. అదే రోజు నులిపురుగుల మందు కూడా పట్టించాం. ఉబ్బింది టీకా వల్లా, ఆ మందు వల్లా? టీకాలో ఏ భాగం పడలేదు? ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు.

దీన్ని బట్టి టీకాలే వద్దని నేను అనడం లేదు, ఎవరూ అలా అనుకోకండి. కుక్కపిల్లల్ని రక్తవిరేచనాలతో చంపే పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన పిల్లని చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకా దుష్ప్రభావాలు అరుదన్నదీ నిజమే. 2005లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలిస్తే, టీకా వేసిన మూడు రోజుల్లోపు ఏదో ఒక ఇబ్బంది నమోదైంది ప్రతి 10 వేల కుక్కల్లో 38కి. చిన్న జాతి కుక్కల్లోనూ, ఒకేసారి ఎక్కువ టీకాలు వేసినప్పుడూ ఆ సంఖ్య పెరిగింది. ఈ సంగతి మనకెలా తెలిసింది? అక్కడ ఎవరో ఓపిగ్గా రాసిపెట్టబట్టే కదా.

టీకా మీద వేసే నింద చాలాసార్లు తప్పే అవుతుంది. మాకు తెలిసినవాళ్ల కుక్కపిల్ల టీకా వేయించిన నాలుగో రోజున రక్తవిరేచనాలతో చనిపోయింది. టీకాయే చంపిందని మిగతా పిల్లలకు వేయించడం మానేశారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పార్వో వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి చాలా పిల్లల్లో మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే సూది పడే నాటికే ఆ పిల్లకు జబ్బు సోకి ఉండొచ్చు. పైగా ముర్రుపాల ద్వారా తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాల పాటు టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో సమయానికి తగ్గిపోతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయాలంటారు. ఈ మధ్యలో వైరస్ సోకితే టీకా వేయించినా జబ్బు వస్తుంది.

దీన్ని తేల్చే దారి లేకపోలేదు. కిట్‌తో మలపరీక్ష చేస్తే, ఈమధ్యే టీకా పడ్డ పిల్లలో ఆ టీకా వైరస్ వల్లే ఒక్కోసారి పాజిటివ్ రావచ్చు. కానీ ల్యాబ్‌లో వైరస్ రకాలను వేరుచేసి చూపే ప్రత్యేక పీసీఆర్ పరీక్ష చేస్తే అది టీకాలోని రకమా, బయట తిరిగే రకమా అన్నది తెలుస్తుంది. చనిపోయిన పిల్లకు పోస్ట్‌మార్టమ్ చేయించవచ్చు. వీలైనంత త్వరగా చేయించాలి. అప్పటిదాకా శరీరాన్ని చల్లగా ఉంచాలే తప్ప గడ్డకట్టించకూడదు. ఆ దుఃఖంలో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా డాక్టర్లు చెప్పాలి. మాకు తెలిసినవాళ్లకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు, పిల్లను పాతిపెట్టేశారు.

నిజంగానే టీకాలో లోపం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 1990ల మొదట్లో అమెరికాలో ఒక టీకా వేసిన చూడి కుక్కలకు పిల్లలు పోయి, తర్వాత తల్లులు కూడా చనిపోయాయి. పరీక్షిస్తే టీకాలో గొర్రెలకు వచ్చే నీలినాలుక వ్యాధి వైరస్ కలిసిందని తేలింది. టీకాకీ దానికీ సంబంధం లేదని అప్పుడు కొట్టిపారేసి ఉంటే?

ఐరోపాలో జంతువుల మందులపై వచ్చిన ఫిర్యాదులను ప్రధానంగా నాలుగు వర్గాలు చేయడానికి వాడుతూ వచ్చిన పద్ధతి ఒకటుంది. మందు వల్లేనని గట్టిగా అనిపించేవి 'ఏ', కావచ్చు అనిపించేవి 'బీ', కాదనిపించేవి 'ఎన్', సమాచారం చాలక తేల్చలేనివి 'ఓ'. మా పిల్ల కేసు ఎక్కడికి పంపినా పడేది 'ఓ'లోనే. బ్రిటన్‌లో పశువైద్య ఔషధాల నియంత్రణ సంస్థకు పెంచుకునేవాళ్లే నేరుగా రిపోర్టు చేయొచ్చు. ఆ వీలు అన్నిచోట్లా ఉండాలి. డాక్టరు పంపితేనే రిపోర్టు అంటే చాలా కేసులు ఆస్పత్రి గుమ్మం దాటవు.

పశువైద్యులను నేను కోరేది పెద్ద పనేం కాదు. చాలా సీసాలకు తీసి అంటించే లేబుల్ ఉంటుంది, దాన్ని కార్డు మీద అంటించండి. లేనప్పుడు టీకా పేరు, బ్యాచ్, గడువు తేదీ చేత్తో రాయండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమనండి. ఏదైనా జరిగిందని మేమొస్తే కోప్పడకండి, కంపెనీకీ నియంత్రణ అధికారులకూ రిపోర్టు పంపండి. నిందించడానికే వచ్చామని అనుకోకండి, చాలామందిమి తర్వాతి డోసు సంగతి ఏమిటో తెలియక వస్తాం.

పెంచుకునేవాళ్లకూ ఒక మాట. సూది పడ్డ టైమ్, మొదటి లక్షణం కనిపించిన టైమ్ రాసుకోండి. ఫోన్‌లో ఫొటో, వీడియో తీయండి. వాపు తగ్గిపోయాక ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాదు. ఇచ్చిన ఇతర మందుల పేర్లు దాచకుండా చెప్పండి.

మా పిల్లకు ఆ రెండో డాక్టరు గారు వివరాలన్నీ అడిగి, ఆలోచించి, మందులు దగ్గర పెట్టుకుని మూడో డోసు వేశారు. గంటసేపు బల్ల పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఏమీ కాలేదు. మేం బయల్దేరే ముందు సీసా మీది లేబుల్ మెల్లగా ఊడదీసి కార్డులో అంటించారు. దాని పై వరుసలో, రెండో డోసు ఎదురుగా, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు