మునిగిన ఊళ్ల బొందలగడ్డలకు ఎండాకాలం ఒక బోటు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిన ఊరు. 1981లో ఖాళీ చేసేటప్పుడు నాకు పదేళ్లు, దూలాలు వాకిళ్లు అన్నీ పీక్కుని ఎద్దులబండ్ల మీద తెచ్చుకున్నాం గానీ మా జేజిని మాత్రం ఊరి బయట బొందలగడ్డలోనే వదిలేసి వచ్చినాం. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే రోజు ఇప్పటికీ నీళ్ల గట్టున ఆకు వేసి దండం పెట్టుకుని వచ్చేస్తాం, ఎందుకంటే అప్పుడు గోరీల మీద నీళ్లుంటాయి.

మొన్న మే నెలలో నీళ్లు బాగా తగ్గినాయని తెలిసి పుట్టి మాట్లాడుకుని పోయినాం. జేజి తలాపున నాటిన నాపబండ సగం ఒండ్రులో పూడిపోయి, దానికి ఎవరిదో తెగిన వల చుట్టుకుని ఉండాది. మా అమ్మకు ఎనభై దాటినాయి, ఆమె అక్కడే కూర్చుని వల విప్పి, గోళ్లతో బురద గీకి, పసుపు కుంకుమ పెట్టింది. చుట్టూ ఉన్నవి ఎవరి గోరీలో చెప్పగలిగింది కూడా ఆమె ఒక్కతే, పేరు చెక్కిన రాళ్లు రెండో మూడో అంతే.

ఈ సంగతి అమెరికాలో టెన్నెసీలో ఉండే మా తమ్ముడి కొడుక్కి ఫోన్లో చెప్తే, పెదనాయనా ఇక్కడా అచ్చం ఇదే కథ అన్నాడు. అక్కడ అపలాచియా కొండల్లో యుద్ధం టైంలో కరెంటు కోసం 1942లో ఫోంటానా డ్యామ్ మొదలుపెట్టి రెండేళ్లలో కట్టేసినారంట, నార్త్ కరోలినా వైపు చిన్న చిన్న పల్లెలు ఖాళీ అయినాయి, సమాధులు చెరువు అవతల మిగిలిపోయి, వాటికి పోయే రోడ్డు మునిగింది. కొత్త రోడ్డు వేస్తామని 1943లో అక్కడి ప్రభుత్వం వాళ్లు ఒప్పుకున్నారు, కొంత దూరం వేసి ఒక సొరంగం దగ్గర ఆపేసినారు, జనం దాన్ని ఎక్కడికీ పోని రోడ్డు అంటారు. చివరికి 2010లో రోడ్డు బదులు ఆ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, 52 మిలియన్ డాలర్లు ఇస్తామన్నారు. కానీ ఆ కుటుంబాల వాళ్లు ఊరుకోలేదు, అడిగి అడిగి సాధించుకున్నది ఏందంటే, ఏటా డెకరేషన్ డే అని పెట్టుకున్న రోజుల్లో నేషనల్ పార్క్ వాళ్లే బోటులో చెరువు దాటిస్తారు, వీళ్లు గడ్డి పీకి, సమాధి మీద మట్టి ఎత్తుగా సర్ది, పూలు పెట్టి, పాటలు పాడుకుని అక్కడే కూర్చుని అందరూ కలిసి తింటారు. మనం చేసుకునేది కూడా అదే కదా సార్.

మేం అడిగేది కూడా ఆ బోటే. ఎండాకాలంలో రెండు రోజులు, తేదీ ముందే చెప్పి. పుట్టిలో ముసలోళ్లు ఎక్కలేరు, గాలి తిరిగితే మాకే భయమేసింది. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడితే పేపర్లో ఫోటో వస్తుంది, జనం పోతారు, చాలా సంతోషం, ఆ పక్కనే బయటపడే గోరీల గురించి కూడా ఒక్క మాట రాయండి. ఒక ఆఫీసులో అడిగితే పరిహారం అప్పుడే ఇచ్చేసినాం కదా అన్నారు. భూమికి ఇంటికి లెక్క కట్టినారు సరే, మా జేజి గోరీ ఏ లెక్కలో ఉంది?

గండికోట నీళ్ల కోసం 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేసిన వాళ్లకు ఇంకా అన్నీ గుర్తుంటాయి, దయచేసి ఇప్పుడే కూర్చుని ఏ గోరీ ఎవరిదో రాసి పెట్టుకోండి, మేం నలభై ఏళ్లు ఆలస్యం చేసినాం. మా అమ్మ ఆ రోజు చెప్పిన 23 పేర్లు నా ఫోన్లో ఉన్నాయి, ఎవరైనా లిస్టు మొదలుపెడితే ముందు అవే ఇస్తాను.

— ఒక పాఠకుడు, కర్నూలు