నార్మల్ ఎవరికి?

సంపాదకుడికి,

థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన మా అక్కకు ఆపరేషన్‌లో గ్రంథి మొత్తం తీసేసి, తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ ఇచ్చారు. అప్పట్నుంచి, క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమో చూసే థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్ష అంటేనే ఇంట్లో టెన్షన్. పోయినసారి 1.1 వస్తే డాక్టరు ‘కనిపెట్టి చూద్దాం’ అన్నారు. ఈసారి వేరే ల్యాబ్‌లో ఇస్తే 2.1 వచ్చింది. గుండె ఝల్లుమంది గానీ, పక్కనే ‘నార్మల్: 1.5 నుంచి 38.5’ అని అచ్చేసి ఉంది. అంకె పక్కన బాణం గుర్తు కూడా లేదు. పెరిగినా నార్మల్‌లోనే ఉంది కదా అనుకుని హాయిగా పడుకున్నాం.

మర్నాడు డాక్టరు ఆ నార్మల్‌ను పెన్నుతో కొట్టేశారు. అది మెడలో గ్రంథి ఉన్నవాళ్లదట! థైరోగ్లోబ్యులిన్‌ను తయారుచేసేది థైరాయిడ్ కణాలే. అక్కలాంటి వాళ్లకు అది దాదాపు సున్నాకు పడిపోవాలి. 0.2 లోపు ఉంటే మంచి ఫలితం. సగం గ్రంథే తీసినవాళ్ల లెక్క వేరు, మిగిలిన సగం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. థైరాయిడ్ క్యాన్సర్‌లోనే మెడుల్లరీ అనే మరో రకానికైతే చూడాల్సింది కాల్సిటోనిన్, సీఈఏ అనే వేరే రక్తపరీక్షలు.

పోనీ 1.1 నుంచి 2.1కి నిజంగానే పెరిగిందా అంటే అదీ తేలలేదు. ఒకే రక్తానికి ఒక్కో పద్ధతిలో ఒక్కో అంకె రావచ్చు. రెండు రిపోర్టుల్లోనూ పద్ధతి పేరు లేదు. థైరోగ్లోబ్యులిన్‌కు వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష అసలు చేయనే లేదు. ఈ రోగుల్లో నూటికి 20 నుంచి 25 మంది దాకా ఆ యాంటీబాడీలు ఉంటాయట. అవి ఉంటే ఎక్కువ ల్యాబుల్లో వాడే పద్ధతుల్లో అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలూ కొన్ని మిషన్లలో ఇదే పని చేస్తాయి. అక్క వాటిని వాడుతోంది. రక్తం తీసిన అమ్మాయి ‘పరగడుపునేనా?’ అని మాత్రం అడిగింది.

ల్యాబ్‌కు ఫోన్ చేస్తే ‘ఫార్మాట్ కంప్యూటర్‌లో ఉన్నదే సార్, మేం మార్చలేం’ అన్నారు. ఎవరు మార్చగలరో వాళ్లకే ఈ ఉత్తరం. ఆ రేంజి గ్రంథి తీసేసినవాళ్లకు వర్తించదని దాని కిందే అచ్చేయండి. పద్ధతి పేరు రాయండి. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ పెరిగినా ఈ అంకె పెరుగుతుంది కాబట్టి అదీ, యాంటీబాడీలూ అదే కాగితం మీద ఉండాలి. డాక్టరును కలిసేలోపు రిపోర్టు చదివేది ఇంట్లోవాళ్లమే.

బయోటిన్ మాత్రలు ఆపి, అక్క రక్తం మళ్లీ పాత ల్యాబ్‌లోనే ఇచ్చాం. రిపోర్టు ఇంకా రాలేదు.

– ఒక పాఠకుడు